వింటర్ టైర్లు వేశాక ట్రైలర్ ఊగుతోందా? ముందుగా టైరు పక్కన ఏం రాసుందో చదవండి

ఏటా డెన్వర్‌లో మొదటి మంచు పడిన వారంలోనే నా ఫోన్ మోగడం మొదలవుతుంది. "అన్నా, వింటర్ టైర్లు వేయించా, అయినా ట్రైలర్ తగిలిస్తే బండి తోక ఊపుతోంది." ఏ టైర్లు వేశావంటే కంపెనీ పేరు చెప్తారు, రేటు చెప్తారు, డిస్కౌంట్ ఎంత వచ్చిందో కూడా చెప్తారు. సైజు తర్వాత ఏం రాసుందిరా అంటే మాత్రం "చూసి చెప్తా అన్నా" అంటారు. ఆ చూసేదేదో కొనేముందే చూసుంటే ఈ ఫోన్ వచ్చేది కాదు.

నేను మెకానిక్‌ని కాదు. పెళ్ళి మండపాల సామాను, కుర్చీలు, జనరేటర్ అన్నీ ఎక్కించి తొమ్మిది వేల పౌండ్ల ట్రైలర్‌ని 2500 తరగతి (బరువులు లాగే పెద్దరకం) పికప్‌తో లాగుతుంటాను, చలికాలంలో కూడా, ఐ-70 హైవే మీద కొండ దాటి. మనవాళ్ళ బళ్ళు శని, ఆదివారాల్లో మా ఇంటి ముందుకి వస్తుంటాయి. హిచ్ (ట్రైలర్ తగిలించే కొక్కెం) బిగించడం, సేఫ్టీ చెయిన్లు, ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలన్న సంగతి మీకు తెలుసనే అనుకుని రాస్తున్నాను.

మంచులో ఎక్కేటప్పుడు వెనక చక్రాలు ఊరికే తిరుగుతున్నాయి

టైరు మీద మూడు శిఖరాల కొండ, దాని మధ్యలో మంచు రేకు బొమ్మ ఉందా? లేకపోతే అది వింటర్ టైరు కాదు. ఎం+ఎస్ (మడ్ అండ్ స్నో, అంటే బురద, మంచు) అన్న అక్షరాలు ట్రెడ్ (టైరు నేలకి ఆనే భాగం) గాడుల తీరు చూసి కంపెనీ తనే వేసుకునేవి. ఆ బొమ్మ కావాలంటే మాత్రం గట్టిపడిన మంచు మీద పరీక్ష పాసవ్వాలి. కొలరాడో చట్టం సెప్టెంబర్ 1 నుంచి మే 31 దాకా ఐ-70 మీద డాట్సీరో, మోరిసన్ ఊళ్ళ మధ్య కనీసం 3/16 అంగుళం ట్రెడ్ లోతు ఉండాలంటుంది, ఎం+ఎస్ టైర్లని కూడా ఒప్పుకుంటుంది. పోలీసుకి సరిపోతుంది, కొండకి సరిపోదు. ఇంకో మాట, ఆ బొమ్మ పరీక్ష బండి కదలడం గురించే, ఐస్ మీద ఆగడం గురించి కాదు. బొమ్మ ఉంది కదా అని ముందు బండికి దగ్గరగా పోకండి.

బొమ్మ ఉన్నా జారుతుంటే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ బార్లు మరీ బిగించేశారేమో చూడండి. అవి వెనక యాక్సిల్ మీది బరువు ముందుకి తోస్తాయి, ఎక్కువ బిగిస్తే మంచులో లాగాల్సిన చక్రాలే తేలికైపోతాయి. రెండు టైర్లే వేయించినవాళ్ళ కోసం ఇక్కడ ఏమీ రాయను. నాలుగూ వేయించుకుని రండి.

రోడ్డు పొడిగానే ఉంది, అయినా తోక ఊపుతోంది

నాకు దెబ్బ తగిలింది ఇక్కడే. పాత టైర్లతో అదే ట్రైలర్, అదే సామాను, ఏ ఇబ్బందీ లేదు. వింటర్ టైర్లు వేయించిన వారానికి ఐజెన్‌హోవర్ టన్నెల్ దాటి సిల్వర్‌థోర్న్ వైపు ఏడు శాతం వాలు దిగుతుంటే వెనక నుంచి ఎవరో బండిని పట్టుకుని పక్కకి నెట్టి వదిలినట్టు, మళ్ళీ ఇటు నెట్టి వదిలినట్టు. స్టీరింగ్ నేను తిప్పట్లేదు. చేత్తో ట్రైలర్ బ్రేకు మీట నొక్కి ఎలాగో కుదురుకున్నాను. మా ఆవిడ ఆ తర్వాత గంటసేపు మాట్లాడలేదు.

అందరూ చేసేదే నేనూ చేశాను. ట్రైలర్‌ని అనుమానించాను, సామాను ముందుకి జరిపాను, ఆరువందల డాలర్లు పోసి కొత్త స్వే కంట్రోల్ (ట్రైలర్ ఊగకుండా పట్టే పరికరం) కొన్నాను. కొంచెం తగ్గినట్టే అనిపించింది, పోలేదు. మూడు వారాల తర్వాత పాత టైర్లని షెడ్డులో సర్దుతుంటే ఒకటి కొత్త టైరు పక్కన ఆనించాను. రెండింటి మీదా ఎల్‌టీ265/70ఆర్17 అనే ఉంది. ఎల్‌టీ అంటే లైట్ ట్రక్ టైరు. సైజు అక్షరం పొల్లు పోకుండా ఒకటే. దాని తర్వాత పాతదాని మీద లోడ్ ఇండెక్స్ (టైరు ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె) 121/118, లోడ్ రేంజ్ 'ఇ'. కొత్తదాని మీద 112/109, లోడ్ రేంజ్ 'సి'. షాపువాడు సైజు కొట్టాడు, స్టాకులో ఉన్నది వేశాడు, నేను బిల్లు కట్టి వచ్చాను.

ఆ అక్షరం తేడా ఏమిటంటే, 'ఇ' టైరు 80 పీఎస్ఐ గాలితో 3,195 పౌండ్లు మోస్తుంది. అదే సైజు 'సి' టైరుకి గరిష్ఠంగా 50 పీఎస్ఐ, మోసేది 2,470. నా బండి ఖాళీగా ఉంటే వెనక యాక్సిల్ మీద 2,900 ఉంటుంది. బెడ్‌లో సామాను 700. హిచ్ మీద పడే 1,100 అంతే పడదు, హిచ్ యాక్సిల్‌కి వెనక వేలాడుతుంది కాబట్టి తూకం బద్దలా ముందు భాగాన్ని లేపి ఆ బరువు కూడా వెనక చక్రాల మీదే వేస్తుంది. బార్లు వదులు చేసి ట్రక్ స్టాప్‌లో కాటా వేయిస్తే 5,160 వచ్చింది. రెండు 'సి' టైర్లు కలిపి మోయగలిగింది 4,940. అంటే నేను ఓవర్‌లోడ్‌తో, మెత్తటి రబ్బరు మీద, వాలులో దిగుతున్నానన్నమాట. బార్లు బిగిస్తే కొంత బరువు ముందుకి పోతుంది నిజమే, కానీ టైరు పక్క గోడలు అప్పటికే అంచు మీద ఉన్నాయి, ట్రైలర్ కాస్త పక్కకి లాగితే చాలు, అవి వంగి తిరిగి లేస్తుంటే దాన్నే మనం ఊగడం అంటున్నాం.

చిన్న ట్రక్కులవాళ్ళకి ఇది ఇంకో వేషంలో వస్తుంది. 275/65ఆర్18 ముందు ఎల్‌టీ లేకపోతే అది కారు తరహా టైరు. లోడ్ ఇండెక్స్ 116 అంటే 2,756 పౌండ్లు, కానీ అలాంటిది ట్రక్కుకి వేస్తే 1.1తో భాగించాలి, అప్పుడు మిగిలేది 2,505. అదే సైజు ఎల్‌టీ 'ఇ' అయితే 3,415. తిరకాసు ఏమిటంటే కారు తరహా నుంచి ఎల్‌టీకి మారినవాళ్ళు డ్రైవర్ డోరు దగ్గర కంపెనీ అంటించిన స్టిక్కర్ మీదున్న 35 పీఎస్ఐ కొట్టించి వదిలేస్తారు. ఎల్‌టీ టైరుకి అంత బరువు మోయాలంటే గాలి ఎక్కువ కావాలి. టైరు కంపెనీ లోడ్ టేబుల్ చూసి కొట్టాల్సిందే.

పరిష్కారం: సామాను అంతా ఎక్కించి కాటా వేయించండి. ఒక పూట భోజనం ఖర్చు. చీటీ మీద ముందు యాక్సిల్, వెనక యాక్సిల్, ట్రైలర్ విడివిడిగా వస్తాయి. వెనక యాక్సిల్ అంకెని రెండుతో భాగించండి. టైరు మోసే బరువు దానికంటే బాగా పైన ఉండాలి, డోరు స్టిక్కర్ టైర్ల లోడ్ ఇండెక్స్ కంటే తక్కువ అసలు ఉండకూడదు. ఆ సైజులో 'ఇ' వింటర్ టైరు దొరక్కపోతే మీ బండికి కంపెనీ ఒప్పుకునే ఇంకో సైజుకి, రిమ్ముతో సహా, మారండి. నేను 'సి' టైర్లని నష్టానికి అమ్ముకున్నాను, ట్రైలర్ లాగని మనిషికి.

టైర్లు సరైనవే, పొద్దున్నే ఊగుతుంది

గాలి. ఇంకేమీ కాదు. పది డిగ్రీల ఫారెన్‌హీట్ తగ్గితే ఒక పీఎస్ఐ పోతుందన్న లెక్క అందరికీ నోటికొచ్చు. అది 32 పీఎస్ఐ కార్ల లెక్క. 80 పీఎస్ఐ టైరుకి పది డిగ్రీలకి దాదాపు రెండు పోతుంది. హీటర్ ఉన్న షాపులో 70 డిగ్రీల దగ్గర 80 కొట్టించారు, మర్నాడు పొద్దున బయట సున్నా. గేజీ పెడితే 68 చూపిస్తుంది. డాష్‌బోర్డు లైటు సాధారణంగా పావు వంతు తగ్గితేగానీ వెలగదు, అంటే 60కి దిగాలి. కాబట్టి లైటు రాలేదు కదా అంటే నేను వినను. మన ఊళ్ళో లారీ డ్రైవర్లు రాడ్డుతో టైరు కొట్టి చప్పుడు వింటారు, పూర్తిగా దిగిపోయినది అలా దొరుకుతుంది, 68కీ 80కీ తేడా మాత్రం ఏ చెవికీ దొరకదు. గేజీ కొనండి. రాత్రంతా బయట నిలబెట్టిన బండికి, కదిలించకముందు చూసి, అక్కడే కొట్టండి. పెట్రోలు బంకు కంప్రెసర్ చాలా చోట్ల 80 దాకా ఎక్కించలేదు, సొంతది ఉంచుకోండి. ఎండ కాసి చలి తగ్గినప్పుడు మళ్ళీ అలాగే, బండి కదిలించకముందే చూసి తగ్గించాలి.

బ్రేకు వేస్తే ట్రైలర్ పక్కకి వస్తోంది

బ్రేక్ కంట్రోలర్ గెయిన్ (ట్రైలర్ బ్రేకు ఎంత గట్టిగా పట్టాలో చెప్పే సెట్టింగు) పొడి రోడ్డు మీద పెట్టినదే ఉండిపోయింది. మంచులో ట్రైలర్ చక్రాలు ముందే బిగుసుకుని జారతాయి. ఖాళీ పార్కింగ్‌లో మెల్లగా పోతూ, చక్రాలు బిగుసుకోనంత వరకు గెయిన్ తగ్గించండి. ట్రక్కుకి ఖరీదైన వింటర్ టైర్లు వేసి ట్రైలర్‌కి నున్నబడిన ఎస్‌టీ (ట్రైలర్లకని చేసిన) టైర్లతో కొండ ఎక్కేవాళ్ళు కూడా ఉన్నారు. ట్రైలర్ రిమ్ము ఒప్పుకుని, లోడ్ సరిపోతే దానికీ ఎల్‌టీ వింటర్ టైర్లు వేయొచ్చు.

మిగతావి

కొత్త టైర్లు మొదటి కొన్ని వందల మైళ్ళు కాస్త జారినట్టే ఉంటాయి, వింటర్ రబ్బరు 45 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే మెత్తబడుతుంది. రెండూ మామూలే. బాల్ జాయింట్లు, వంగిన రిమ్ము, ట్రైలర్ యాక్సిల్ అలైన్‌మెంట్, ఇవి వందలో ఒకటి. ట్రైలర్ విప్పేసి ఒంటరిగా నడపండి, అప్పుడూ ఊగితే షాపుకి తీసుకెళ్ళండి, నాకు ఫోన్ చేయకండి.