కంటికి ఆనని పగులును రంగుతో పట్టుకోవడం ఎలా

ఇనప తీగను అటూ ఇటూ పదేపదే వంచితే చివరికి పుటుక్కున తెగుతుంది. లోహ అలసట అంటే అదే. 2016 ఏప్రిల్ 29న నార్వేలో, సముద్రంలోని చమురు బావి దగ్గర్నుంచి బెర్గెన్‌కు తిరిగొస్తున్న సూపర్ ప్యూమా హెలికాప్టర్ ప్రధాన రోటర్ గాల్లోనే ఊడిపోయింది. అందులోని 13 మందీ పోయారు. గేర్‌బాక్స్‌లో ఒక పళ్లచక్రానికి పడ్డ పగులే కారణం. మరమ్మతు షెడ్డులో పనిచేసే నాకు ఆ నివేదిక చదివిన రాత్రి నిద్ర పట్టలేదు.

పని నేర్చుకునే పిల్లలకు రంగు పరీక్ష ఇలా చెబుతాను. మొదట, పరీక్షించాల్సిన భాగాన్ని జిడ్డు లేకుండా కడిగి, బాగా ఆరనివ్వండి. పగులులో నూనె ఉండిపోతే రంగు లోపలికి దిగదు. తొందరపడేది ఎక్కువగా ఇక్కడే. ఎర్ర ద్రవం పూసి, డబ్బా మీద రాసినంత సేపు ఆగండి. తర్వాత ద్రావకంతో తడిపిన గుడ్డతో తుడవండి. ద్రావకాన్ని నేరుగా కొడితే పగులులోని రంగు కూడా కొట్టుకుపోతుంది. చివర్లో తెల్ల డెవలపర్‌ను, అంటే పగులులోని రంగును పైకి లాగే పొడి మందును, పలచగా కొట్టి, వెంటనే చూడటం మొదలుపెట్టండి.

ఒకసారి ఒక బ్రాకెట్ మీద, బోల్టు రంధ్రం అంచున, వెంట్రుకంత ఎర్ర గీత నా కళ్లముందే తేలింది. మొదట్నుంచీ మళ్లీ చేశాను. అదే చోట వచ్చింది. ఆ బ్రాకెట్‌ను పక్కన పెట్టించాను.

ఈ పరీక్ష పైకి తెరుచుకున్న పగుళ్లనే చూపిస్తుంది. నార్వే చక్రంలో పగులు, చక్రం ఉపరితలం మీది సూక్ష్మమైన గుంట దగ్గర మొదలై, లోలోపలే పాకింది. లోహపు రజను పట్టే చిప్ డిటెక్టర్ కూడా హెచ్చరించలేదు. లోపలి పగులుందని అనుమానం వస్తే రంగుతో సరిపెట్టకండి, ధ్వని తరంగాలతో లోపలి పగుళ్లను వెతికే అల్ట్రాసోనిక్ పరీక్ష చేయించండి.