ప్రింట్‌కి ఇచ్చే ముందు పిక్సెల్స్ చూసుకోండి

ఆల్బమ్‌కో, గోడకి తగిలించే ఫ్రేమ్‌కో, పెద్ద బ్యానర్‌కో ఫోటో ఇవ్వబోతున్నారా? ఒక్క ఐదు నిమిషాలు ఆగి ఇది చదివాక ఇవ్వండి. స్క్రీన్ మీద పెట్టిన ఫోటో బాగోకపోతే తీసేసి ఇంకోటి పెట్టుకోవచ్చు. కాగితం మీద పడ్డాక మళ్లీ డబ్బు పెట్టి వేయించుకోవడం తప్ప చేసేదేమీ ఉండదు.

మా తాతయ్య పోయాక ఆయన ఫోటో ఒకటి పెద్దది చేయిద్దామనుకున్నాం. విడిగా దిగిన మంచి ఫోటో ఒక్కటీ లేదు, అందరం కలిసి దిగిన గ్రూప్ ఫోటోలో మాత్రం హాయిగా నవ్వుతున్నారు. ఫ్యామిలీ గ్రూప్‌లో ఎప్పుడో వచ్చిన ఆ ఫోటోనే నా ఫోన్‌లోంచి తీసి, తాతయ్య వరకు క్రాప్ చేసి 12×16 అంగుళాల ప్రింట్‌కి ఇచ్చేశాను. ఫోన్‌లో చూస్తే బాగానే ఉంది మరి. ప్రింట్ వచ్చాక చూస్తే కళ్లద్దాల అంచు మెట్లు మెట్లుగా ఉంది, మీసం బూడిదరంగు మరకలా అలుక్కుపోయింది, కళ్లలో ఆ నవ్వు లేదు. అమ్మ చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, ఏమీ అనకుండా పక్కన పెట్టింది. ఆ రాత్రి కూర్చుని లెక్క చూసుకున్నాను. ఫోటో అంటే పిక్సెల్స్ అనే చిన్న చిన్న రంగు చుక్కలే కదా. గ్రూప్‌లో వచ్చిన ఫోటో 1600×1200 పిక్సెల్స్, అందులో తాతయ్య ఉన్న ముక్క 420×560. ఆ 420 పిక్సెల్స్‌ని 12 అంగుళాల మీద పరిస్తే అంగుళానికి వచ్చేవి 35. చేతిలో పట్టుకుని చూసే ప్రింట్‌కి 300 ఉంటే బాగుంటుంది, 200 వరకు సర్దుకోవచ్చు. 35తో ఇంకేం వస్తుంది?

ఆ లెక్క ముందే చేసుంటే సరిపోయేది, ఏమంత కష్టం కూడా కాదు. ఫోన్‌లో ఫోటో డీటెయిల్స్ తెరిస్తే పొడవు, వెడల్పు ఎన్ని పిక్సెల్సో ఉంటుంది. వాటిని 300తో భాగించండి, వచ్చిన అంగుళాల వరకు ధైర్యంగా ప్రింట్ వేయించుకోవచ్చు. 4×6కి 1200×1800 చాలు. 8×10కి 2400×3000 కావాలి, ఏ4 నిండా రావాలంటే 2480×3508. చాలా ఫోన్లు మామూలుగా తీసే 12 మెగాపిక్సెల్ (మెగాపిక్సెల్ అంటే పది లక్షల పిక్సెల్స్) ఫోటో దాదాపు 4000×3000 ఉంటుంది కాబట్టి 13×10 అంగుళాల దాకా టెన్షన్ లేదు. ఫోన్ డబ్బా మీద 48 మెగాపిక్సెల్ అని రాసి ఉన్నా నమ్ముకోకండి, మామూలు మోడ్‌లో చాలా ఫోన్లు నాలుగు పిక్సెల్స్‌ని ఒకటిగా కలిపి 12 మెగాపిక్సెల్ ఫోటోనే ఇస్తాయి. క్రాప్ చేస్తే మాత్రం లెక్క మళ్లీ మొదటికొస్తుంది: వెడల్పులో సగం, ఎత్తులో సగం ఉంచుకుంటే మిగిలేది పావు వంతు పిక్సెల్సే.

అయితే అన్నిటికీ 300 అని పట్టుబట్టాల్సిన పని లేదు. ఒక అడుగు దూరం నుంచి చూసినప్పుడు మామూలు కంటికి అంగుళంలో దాదాపు 290 చుక్కల కంటే ఎక్కువ విడివిడిగా కనిపించవు, ఆ 300 వచ్చింది అక్కడి నుంచే. దూరం రెట్టింపైతే అంగుళానికి కావాల్సిన పిక్సెల్స్ సగమవుతాయి. సోఫా వెనక గోడ మీద ఉండే పెద్ద ఫ్రేమ్‌కి 150 చాలు, పది అడుగుల అవతలి నుంచి చూసే బ్యానర్‌కి 30 ఉన్నా కన్ను పట్టుకోలేదు. అందుకే ముందు తేల్చుకోవాల్సింది ఆ ప్రింట్‌ని ఎంత దూరం నుంచి చూస్తారనేది. ఆల్బమ్‌ని ఒళ్లో పెట్టుకుని చూస్తారు, అక్కడ మాత్రం రాజీ పడకండి.

ఇప్పుడు అందరూ పడే గోతి ఒకటి చెప్తాను. అంగుళానికి ఎన్ని చుక్కలో చెప్పే అంకెని డీపీఐ అంటారు. 'మీ ఫోటో 72 డీపీఐ ఉంది, 300 చేసి పంపండి' అని ఎవరో అంటారు, మనం ఫోటోషాప్‌లో ఆ అంకె మార్చేసి పని అయిపోయిందనుకుంటాం. ఆ 72 గానీ 300 గానీ ఫైల్‌కి అంటించిన చీటీ లాంటిది, దాన్ని మార్చినంత మాత్రాన కొత్త వివరం ఏదీ పుట్టదు. 3000×2000 ఫోటో మీద 72 అని రాసినా 300 అని రాసినా అవే పిక్సెల్స్, అదే నాణ్యత. ఇమేజ్ సైజ్ బాక్స్‌లో 'రీశాంపుల్' టిక్ తీసేసి మార్చితే అంగుళాలు మాత్రమే మారతాయి, నష్టం లేదు. టిక్ ఉంచి 72ని 300 చేస్తే సాఫ్ట్‌వేర్ లేని పిక్సెల్స్‌ని ఊహించి పూరిస్తుంది. అదే టిక్ ఉంచి వెబ్ కోసమని 300ని 72 చేశారనుకోండి, 3000 పిక్సెల్స్ వెడల్పు 720కి పడిపోతుంది, పొరపాటున అలాగే సేవ్ కొట్టారంటే ఒరిజినల్ పోయినట్టే. ఇంతా చేసి వెబ్‌కి 72 అన్నది 1984 నాటి యాపిల్ మాకింతోష్ కంప్యూటర్ తెర కాలం మాట. ఇవాళ బ్రౌజర్ ఆ అంకెని చూడదు, చూసేది పిక్సెల్స్‌నే. ఎంబీలు చూసి కూడా మోసపోవద్దు, ఆకాశం ఎక్కువున్న ఫోటో చిన్న ఫైల్ అవుతుంది, ఆకులు నిండిన ఫోటో పెద్ద ఫైల్ అవుతుంది, రెండూ అవే పిక్సెల్స్ అయినా సరే.

మన చేతుల్లోనే పిక్సెల్స్ ఎక్కువగా పోయేది పంపించేటప్పుడు. మెసేజింగ్ యాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుంచించుకుపోతుంది, అందుకే వాట్సాప్‌లో అయినా డాక్యుమెంట్‌గా పంపమనండి, లేదంటే మెయిల్‌కో డ్రైవ్‌కో ఎక్కించమనండి. స్క్రీన్‌షాట్ అసలు వద్దు, అది తెర సైజుకే వస్తుంది. తీసేటప్పుడు వేలితో లాగి జూమ్ చేయకండి, లెన్స్ జూమ్ కాకపోతే అది క్రాపే, వీలుంటే రెండడుగులు ముందుకెళ్లండి. జేపెగ్‌ని (ఫోటోలు మామూలుగా సేవ్ అయ్యే ఫైల్ రకం) ఎడిట్ చేసి సేవ్, మళ్లీ తెరిచి సేవ్ అంటూ పోతే ప్రతిసారీ కొంచెం చెడుతుంది.

మా విషయంలో మా పిన్ని కొడుకు ఫోన్‌లో అసలు ఫోటో దొరికింది, 4000×3000. అందులో తాతయ్య ముక్క 1050×1400 వచ్చింది. 12×16కి అదీ చాలదు, కాబట్టి ఆశ చంపుకుని 5×7 వేయించాం, అంగుళానికి 200 పడ్డాయి. చిన్నదే, కానీ చొక్కా జేబులో పెన్ను క్లిప్ కూడా కనిపిస్తోంది. ఏఐతో పెద్దది చేసే యాప్ కూడా ప్రయత్నించాను. ముఖం నున్నగా, స్పష్టంగా వచ్చింది గానీ అది మా తాతయ్య ముఖం కాదు. కనురెప్పలు, పళ్లు అది సొంతంగా గీసేసింది. కొండలకీ భవనాలకీ వాడుకోండి, మనుషుల ముఖాలకి మాత్రం ఆలోచించుకోండి.

ప్రింట్‌కి పంపే ముందు ఇంకో మాట. ఫోన్ ఫోటో ఆకారం 4:3, 4×6 ప్రింట్ ఆకారం 3:2. అంటే అడ్డంగా తీసిన ఫోటోలో పైనా కిందా కలిపి పదో వంతు పైగా తెగుతుంది, తల నెత్తి ఫోటో అంచుకి ఆనుకుని ఉంటే నెత్తే పోతుంది. ఎక్కడ కోయాలో మీరే కోసి ఇవ్వండి, ల్యాబ్‌కి వదలొద్దు. తెర వెలుగు తగ్గించి ఒకసారి చూడండి, కాగితానికి సొంత వెలుగు లేదు కాబట్టి ప్రింట్ ఎప్పుడూ కాస్త మసకగానే అనిపిస్తుంది.

వెబ్‌కి కథ తిరగబడుతుంది, అక్కడ ఎక్కువైతేనే కష్టం. 4000 పిక్సెల్స్ ఫోటో నేరుగా పెడితే డేటా దండగ, పేజీ త్వరగా తెరుచుకోదు. పేజీలో 800 వెడల్పున కనిపించే ఫోటోకి 1600 ఇస్తే పిక్సెల్స్ దగ్గర దగ్గరగా ఉండే చిక్కటి తెరల మీద కూడా స్ఫుటంగా ఉంటుంది, పేజీ నిండా పరిచేదానికి 2000 చుట్టుపక్కల చాలు. జేపెగ్ క్వాలిటీ 80 పెట్టి, కలర్ ఎస్‌ఆర్‌జీబీలో (వెబ్‌కి మామూలుగా వాడే రంగుల పద్ధతి) ఉందో లేదో చూసుకోండి, లేకపోతే కొన్ని చోట్ల రంగులు వెలిసినట్టు కనిపిస్తాయి. ఫోటోలో దాగి ఉండే లొకేషన్‌ని తప్పకుండా తీసేయండి, ఇంట్లో తీసిన పిల్లల ఫోటో మీ ఇంటి దారి కూడా చెప్పేస్తుంది. చిన్నది చేసిన కాపీని మాత్రం 'సేవ్ యాజ్' కొట్టి, పేరు చివర 'వెబ్' అని చేర్చి, వేరే ఫోల్డర్లో పెట్టండి. ఒరిజినల్ ఉన్న ఫోల్డర్లో ఏ ఫైల్‌నీ తెరిచి సేవ్ కొట్టొద్దు.