కొత్త గేమ్ మన పీసీ మీద నడుస్తుందా? 4వ పాఠం: సంతలో జనం, అడవిలో ఆకులు

ముందు పోయిన పాఠం ఇంటిపని సరిచూసుకుందాం. 'ఆబ్లివియన్' అనే ఫ్యాంటసీ గేమ్ 2006లో వచ్చినప్పుడు అడిగిన కనీస అవసరాలు, అదే గేమ్ 2025 ఏప్రిల్‌లో కొత్త ముస్తాబుతో వచ్చినప్పుడు అడిగినవి పక్కపక్కన రాయమన్నాను. ర్యామ్ అప్పుడు 512 ఎంబీ, ఇప్పుడు 16 జీబీ. అంటే 32 రెట్లు. డిస్క్‌లో అప్పుడు 4.6 జీబీ, ఇప్పుడు 125 జీబీ. దాదాపు 27 రెట్లు. మీకూ ఇవే వచ్చాయా?

ఇప్పుడు అసలు ప్రశ్న. రాజ్యం అదే సిరడీల్, ఊళ్లు అవే, గుహలు అవే, కథా అదే. మరి ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చింది? కథ ఎంత పెద్దది, ఆట ఎన్ని గంటలు అన్నవి మెషీన్‌కి పట్టవు. ఒక్క క్షణంలో తెర మీద ఎంత పని జరుగుతోందన్నదే దానికి బరువు. రెండొందల గంటల గేమైనా ఒక్కో క్షణం తేలిగ్గా ఉంటే పాత పీసీ మీద హాయిగా నడుస్తుంది. పది గంటల గేమైనా ఒక్క సంత సీన్ బరువుగా ఉంటే అక్కడ చతికిలబడుతుంది.

అందుకే ఈసారి నేర్చుకునేది ఇది: గేమ్ ఇంకా రాకముందే, దాని డెమో వీడియో చూసి, మన పీసీలో ఏ భాగం మీద బరువు పడుతుందో పసిగట్టడం. కంపెనీలు అవసరాల పట్టిక సాధారణంగా విడుదలకి కొద్ది వారాల ముందు గానీ ఇవ్వవు. అప్పటిదాకా మనకున్న ఆధారం ఆ వీడియోలే.

సెకనుకు 60 ఫ్రేములు (తెర మీద ఒకదాని వెంట ఒకటి మారే బొమ్మలు) రావాలంటే ఒక్కో ఫ్రేముకి దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. 30 చాలనుకుంటే 33.3. ఆ కాస్త సమయంలో రెండు పనులు అవ్వాలి. ఎవరు ఎక్కడున్నారు, ఎటు నడుస్తున్నారు, ఎవరిని గుద్దుకున్నారు, రాక్షసి ఎవరి మీదకి దూకాలి, ఇదంతా ప్రాసెసర్ తేలుస్తుంది. తేల్చినదాన్ని బొమ్మగా గీసేది గ్రాఫిక్స్ కార్డు.

పెళ్లిలో బంతి భోజనాలు గుర్తు తెచ్చుకోండి. వంటశాల ప్రాసెసర్, వడ్డించేవాళ్లు గ్రాఫిక్స్ కార్డు. వంట ఆలస్యమైతే పదిమంది కుర్రాళ్లు గరిటెలు పట్టుకుని నిలబడినా విస్తట్లో ఏమీ పడదు. వంటంతా సిద్ధంగా ఉండి వడ్డించేవాళ్లు ఇద్దరే అయితే, సాంబారు వచ్చేసరికి అన్నం చల్లారిపోతుంది. బంతి ఎంత వేగంగా లేస్తుందన్నది ఈ ఇద్దరిలో ఎవరు నెమ్మదో వాళ్ల చేతిలో ఉంటుంది.

ఇది నాకు డబ్బు వదిలాక అర్థమైంది. కొన్నేళ్ల కిందట ఒక ఫ్యాంటసీ గేమ్ కోసం సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో రెండు గంటలు తిరిగి, బేరమాడి, కొత్త గ్రాఫిక్స్ కార్డు కొన్నాను. షాపతను "ప్రాసెసర్ ఏం వాడుతున్నారు సార్?" అని అడిగాడు కూడా. నేనే వినిపించుకోలేదు. ఇంటికొచ్చి బిగించి చూస్తే అడవుల్లో వెన్నలా నడిచిన గేమ్, ఊళ్లో అడుగు పెట్టగానే మళ్లీ పాత నత్తనడకే. ఊరి గేటు దగ్గర అప్పుడూ ఇప్పుడూ ఒకే ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేముల సంఖ్య). వడ్డించేవాళ్లని మార్చాను, వంటశాల పాతదే.

అందరికీ తెలిసిన ఉదాహరణ 'డ్రాగన్స్ డాగ్మా 2'. 2024 మార్చి 22న వచ్చింది. విడుదలకి ముందే దాని కనీస అవసరాల పట్టికలో ఒక విచిత్రం ఉంది, కానీ చాలామంది గమనించలేదు. అడిగిన గ్రాఫిక్స్ కార్డు జీటీఎక్స్ 1070, అంటే 2016 నాటిది. అడిగిన ఇంటెల్ ప్రాసెసర్ ఐ5-10600, అది 2020 నాటిది. కార్డు కన్నా ప్రాసెసర్ నాలుగేళ్లు చిన్నది! పాత కార్డు చాలంటూ ప్రాసెసర్ మాత్రం కొత్తది కావాలని అడుగుతున్నారంటే వంటశాలలో పని ఎక్కువని వాళ్లే చెబుతున్నట్టు. పైగా ఆ కనీస పట్టిక 1080పీ రిజల్యూషన్‌లో (తెర మీద బొమ్మకి ఎన్ని చుక్కలన్న లెక్క) 30 ఎఫ్‌పీఎస్ కోసం రాసింది, 60 కోసం కాదు.

విడుదలయ్యాక అదే జరిగింది. గేమ్‌లోని వెర్న్‌వర్త్ రాజధానిలోకి వెళ్లగానే ఖరీదైన కార్డులున్నవాళ్లకీ ఎఫ్‌పీఎస్ పడిపోయింది. ఒక్కో పాత్రకీ ప్రాసెసర్ పని చాలా కేటాయించామనీ, ఒకేసారి ఎక్కువ మంది కనబడే చోట ఫ్రేములు తగ్గొచ్చనీ గేమ్ తయారుచేసిన క్యాప్‌కామ్ సంస్థే చెప్పింది. ఊళ్లో జనాన్ని చంపేస్తే గేమ్ వేగం పెరుగుతుందని కొందరు ఆటగాళ్లు నిజంగానే ఆ పనికి దిగారు. ఎఫ్‌పీఎస్ కోసం హత్యలు చేసిన చరిత్ర బహుశా ఆ ఒక్క రాజ్యానికే ఉంటుంది.

కాబట్టి పట్టిక చేతికి రాగానే మొదట చేయాల్సిన పని: ప్రాసెసర్ ఏ ఏడాదిది, కార్డు ఏ ఏడాదిది అని పక్కన పెన్సిల్‌తో రాసుకోవడం. 2015లో వచ్చిన 'విచర్ 3' కనీస పట్టికలో ఐ5-2500కే, జీటీఎక్స్ 660 ఉన్నాయి. ఒకటి 2011, ఇంకొకటి 2012. తూకం సరిగ్గా ఉంది. 2023 నాటి 'బాల్డర్స్ గేట్ 3'లో ఐ5-4690, జీటీఎక్స్ 970. రెండూ 2014వే. అయితే ఈ చిట్కా ప్రతిసారీ పనిచేయదు. బాల్డర్స్ గేట్ పట్టిక తూకంగానే కనబడినా, మూడో అంకంలో పట్నంలోకి వెళ్లాక ప్రాసెసర్ మీద భారం బాగా పెరుగుతుంది. అది వంతులవారీ యుద్ధం కాబట్టి మనం ఓర్చుకుంటాం. కత్తి ఎప్పుడు తిప్పాలో రెప్పపాటులో తేల్చుకోవాల్సిన గేమ్‌లో అదే నత్తనడకని ఓర్చుకోలేం. చూశారా, ఎంత ఎఫ్‌పీఎస్ చాలన్నది కూడా ఆట తీరే చెబుతుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. పట్టికలో '60 ఎఫ్‌పీఎస్' అని కనబడగానే సంబరపడకండి, పక్కన ఏం రాశారో చదవండి. 2025 ఫిబ్రవరిలో వచ్చిన 'మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్' సిఫార్సు పట్టికలో 1080పీ, 60 ఎఫ్‌పీఎస్ అని ఉంది. దాని పక్కనే ఫ్రేమ్ జనరేషన్ ఆన్ చేస్తేనే అనీ ఉంది. అంటే నిజంగా లెక్కకట్టిన ఫ్రేముల మధ్య ఊహించి గీసిన ఫ్రేములు దూరుస్తారు. కంటికి నునుపుగా కనబడుతుంది, బటన్ నొక్కితే తెర మీద పాత్ర చెయ్యి మాత్రం ఆలస్యంగానే లేస్తుంది. నా దృష్టిలో అది 60 కాదు.

ఇప్పుడు ఇంకా రాని గేమ్ మీద ప్రయత్నిద్దాం. 'విచర్ 4' తీసుకుంటున్నాను. దీనికి రెండు వీడియోలున్నాయి. మొదటిది 2024 డిసెంబర్‌లో గేమ్ అవార్డ్స్ వేదిక మీద చూపించిన ట్రైలర్. గేమ్ నాయిక సిరి ఒక పల్లెకి వెళ్లి రాక్షసితో పోరాడేది. ఎంత బాగున్నా మన లెక్కకి అది పనికిరాదు. ముందే రెండర్ చేసిన (అప్పటికప్పుడు కాక, తీరిగ్గా గీసి పెట్టుకున్న) వీడియో అనీ, అప్పటికింకా ప్రకటించని ఎన్‌విడియా కార్డు మీద చేశామనీ గేమ్ తయారుచేస్తున్నవాళ్లే చెప్పారు. అందులో ఒక్కో ఫ్రేముకి గంట పట్టినా మనకి తెలియదు.

రెండోది 2025 జూన్ 3న అమెరికాలోని ఓర్లాండోలో, అన్‌రియల్ ఇంజిన్ (గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్) వేడుకలో చూపించింది. ఇది టెక్ డెమో, అసలు గేమ్‌ప్లే కాదని విచర్ గేములు చేసే సీడీ ప్రాజెక్ట్ సంస్థ స్పష్టంగా చెప్పింది. సరే. కానీ దీన్ని మామూలు ప్లేస్టేషన్ 5 మీద, రే ట్రేసింగ్‌తో (వెలుగు కిరణాల దారిని లెక్కకట్టి గీసే పద్ధతి), 60 ఎఫ్‌పీఎస్‌లో నడిపారు. మనకి దొరికిన మొదటి గట్టి నేల అది. ఆ కన్సోల్ లోపల ఏముందో అందరికీ తెలుసు. ఏఎండీ వారి జెన్ 2 తరం ప్రాసెసర్, 8 కోర్లు. గ్రాఫిక్స్ బలం 10.28 టెరాఫ్లాప్స్ (సెకనుకు ఎన్ని లక్షల కోట్ల లెక్కలు చేయగలదో చెప్పే కొలత). అన్నిటికీ కలిపి 16 జీబీ మెమరీ. సెకనుకు 5.5 జీబీ చదివే ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కన్నా చాలా వేగమైన డిస్క్).

ఆ డెమోని ఈసారి సౌండ్ ఆపేసి చూడండి. సంగీతం వింటూ చూస్తే లెక్క తప్పుతుంది, నాకు ప్రతిసారీ తప్పుతుంది.

సిరి గుర్రం మీద ఆ గేమ్‌లోని కోవిర్ అనే రాజ్యపు కొండల అడవిలో వెళ్తుంది. చెట్ల మీద ఆకులు చూడండి. పాత గేముల్లో ఆకుల గుత్తి అంటే ఒక పలచని అట్టముక్క మీద అతికించిన బొమ్మ. దగ్గరికెళ్తే అట్ట సంగతి బయటపడేది. ఇక్కడ ఆకుల్నీ కొమ్మల్నీ నిజమైన ఆకారంతోనే గీస్తున్నారు, దూరం పెరిగేకొద్దీ ఇంజినే వాటిని సరళం చేసుకుంటుంది. ఈ పని వడ్డించేవాళ్లది. అంటే గ్రాఫిక్స్ కార్డుది, దాని సొంత మెమరీది. గుర్రం దౌడు తీస్తున్నప్పుడు ముందున్న నేలంతా డిస్క్ నుంచి అప్పటికప్పుడు రావాలి. హార్డ్ డిస్క్ మీద ఇంకా గేములు పెట్టుకుంటున్నవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించండి.

తర్వాత వాల్డ్రెస్ట్ రేవుపట్నం, దాని సంత. అక్కడ సుమారు 300 మంది కదిలే మనుషుల్ని ఒకేసారి చూపించామన్నారు. మూడొందల మంది! వెర్న్‌వర్త్ గుర్తొస్తోందా? నాకూ అదే గుర్తొచ్చింది. కాకపోతే కదలడం వేరు, ఆలోచించడం వేరు. నిలబడి చేతులూపే మనిషి ప్రాసెసర్‌కి చౌక. దారి వెతుక్కునే, మనం గుద్దితే తిట్టే, దొంగతనం చూస్తే కాపలావాళ్లని పిలిచే మనిషి ఖరీదు. డెమోలో జనం ఎంతమందో తెలుస్తుంది గానీ, అసలు గేమ్‌లో వాళ్లు ఎంత ఆలోచిస్తారో అందులో తెలియదు. ఆ ఒక్క సంగతి తేలేదాకా ప్రాసెసర్ లెక్కని నేను పెన్సిల్‌తోనే రాస్తాను, పెన్నుతో రాయను.

నా పెన్సిల్ అంచనా ఇదీ. ఇది ఊహే, పట్టిక కాదు. ప్రాసెసర్ రైజెన్ 5 3600 తరగతిది కనీసం కావాలి. కార్డుకి హార్డ్‌వేర్ రే ట్రేసింగ్, 8 జీబీ సొంత మెమరీ ఉండాలి. ర్యామ్ 16 జీబీ. ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి, అందులో 100 జీబీకి పైగా ఖాళీ. జీటీఎక్స్ 1650 మీద నెట్టుకొస్తున్నవాళ్లకి ఇది చేదుగానే ఉంటుంది. కానీ 2024 డిసెంబర్‌లో వచ్చిన ఇండియానా జోన్స్ గేమ్ అప్పుడే రే ట్రేసింగ్ లేని కార్డుల్ని గుమ్మం దగ్గరే ఆపేసింది. దారి అటే పోతోంది.

అలాగని ఇవాళే కొనడానికి పరుగెత్తకండి. 2026 చివరిలోపు ఈ గేమ్ రాదని సీడీ ప్రాజెక్ట్ ముందే చెప్పేసింది. ఇదే సంస్థ 2013లో చూపించిన విచర్ 3కీ, 2015లో చేతికొచ్చినదానికీ మధ్య బొమ్మ తగ్గిందని పెద్ద గొడవే జరిగింది. డెమోకీ చేతికొచ్చే గేమ్‌కీ మధ్య చాలా మారుతుంది, రెండు వైపులా.

ఇక ఇంటిపని. మీ పీసీలో వంటశాల నెమ్మదా, వడ్డన నెమ్మదా అన్నది ఇప్పుడే తేల్చుకోవచ్చు. విచర్ 3 ఉంటే నోవిగ్రాడ్ పట్నంలో హైరార్క్ స్క్వేర్‌కి పగటిపూట వెళ్లండి. వీ-సింక్ (ఫ్రేముల్ని మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్) ఆపేయండి, ఫ్రేముల పరిమితి తీసేయండి, డీఎల్‌ఎస్‌ఎస్ (చిన్నగా గీసిన బొమ్మని పెద్దది చేసే సెట్టింగ్) లాంటివి ఆన్‌లో ఉంటే అవీ ఆపేయండి. 1080పీలో రెండు నిమిషాలు ఒకే దారిలో నడిచి ఎఫ్‌పీఎస్ రాసుకోండి. తర్వాత రిజల్యూషన్ ఒక్కటే 720పీకి దించి, అదే దారిలో మళ్లీ నడవండి. 1080పీలో 20,73,600 పిక్సెళ్లు, 720పీలో 9,21,600. గీసే పని సగానికన్నా తగ్గింది కదా. అయినా ఎఫ్‌పీఎస్ 48 నుంచి 50కి మాత్రమే పెరిగిందనుకోండి, కార్డు ఖాళీగా ఎదురుచూస్తోందని అర్థం, ఆలస్యం ప్రాసెసర్‌ది. 48 నుంచి 85కి ఎగిరితే ప్రాసెసర్ బాగానే ఉంది, కార్డే మోయలేకపోతోంది. ఇదే పరీక్ష ఊరి బయట చెట్ల మధ్య కూడా చేయండి, జవాబు మారొచ్చు. విచర్ 3 లేకపోతే జనమున్న ఊరూ చిక్కటి అడవీ ఉన్న ఏ గేమైనా సరే.

నాలుగు అంకెలు వస్తాయి. వాటిని ఒక కాగితం మీద రాసి దాచుకోండి. గ్రాఫిక్స్ కార్డు సొంత మెమరీ గురించి చెప్పుకునే 5వ పాఠంలో వాటితో పని పడుతుంది. ల్యాప్‌టాప్ వాళ్లు ఛార్జర్ పెట్టుకునే కొలవండి. బ్యాటరీ మీద కొలిచి 22 వచ్చిందంటే నేను ఒప్పుకోను.