టూరిస్ట్ వీసా ఎక్కడ తంటా పెడుతుంది, ఎట్లా సరిచేసుకోవాలి

"విజిట్ వీసా మీద పోండి, అక్కడ పని వీసాకు మారుస్తాం" అంటున్నారు

కడప, రాయచోటి, కదిరి వైపు గల్ఫ్ ఏజెంట్ల నోట ఈ మాట వినని ఊరు తక్కువ. పని వీసా కావాలంటే యజమాని ముందుకు రావాలి, కాంట్రాక్టు ఈ-మైగ్రేట్‌లో (విదేశాల్లో పనికి పోయేవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే సైటు) నమోదు కావాలి. టూరిస్ట్ వీసాకు ఆ బాధ లేదు కాబట్టి ఏజెంటుకు అది తేలిక. ఆ వీసా మీద పని చేసే హక్కు ఉండదు. జీతం ఎగ్గొడితే చూపించడానికి కాంట్రాక్టూ ఉండదు. గడువు దాటితే యూఏఈలో రోజుకు 50 దిర్హాముల జరిమానా పడుతుంది.

మీ పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) రకమేమో చూసుకోండి. సాధారణంగా పదో తరగతి పాస్ కానివాళ్లకు అదే వస్తుంది. దానితో 18 దేశాలకు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే మన ప్రభుత్వ అనుమతి, తప్పదు. గల్ఫే కాదు, మలేషియా, థాయ్‌లాండ్ కూడా ఆ జాబితాలో ఉన్నాయి. నిజంగా చూడ్డానికే పోతుంటే క్లియరెన్స్ అక్కర్లేదు, కానీ రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్ దగ్గర ఉంచుకోండి. చెన్నైలోనో బెంగళూరులోనో ఇమిగ్రేషన్ అధికారి అడిగినప్పుడు తడబడితే విమానం ఎక్కనివ్వరు.

పనికే పోతుంటే ముందు వీసా కాపీ అడగండి. కువైట్‌లో ఇంటి పనికి 20 నెంబరు, ప్రైవేటు కంపెనీకి 18 నెంబరు. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్ సైటులోని రిజిస్టర్డ్ జాబితాలో వెతకండి. సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, పైన జీఎస్టీ. అంతకు మించి తీసుకోకూడదు. ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఇంటి పనికి పోయే మహిళకు 30 ఏళ్లు నిండాలి, అదీ ఓంక్యాప్ లాంటి ప్రభుత్వ సంస్థ ద్వారానే. వీటిని పక్కన పెట్టి "నేను చూసుకుంటా" అనేవాడికి పాస్‌పోర్టు ఇవ్వొద్దు.

దుబాయ్ వీసా పేరు దగ్గర ఆగింది

ఇంటిపేరును ఒక్క అక్షరంగా రాసుకోవడం మన అలవాటు. పాస్‌పోర్టు తీసేటప్పుడు సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేస్తే, అందులో ఒకే పదం మిగులుతుంది. అలాంటి పాస్‌పోర్టుకు టూరిస్ట్, విజిట్ వీసా ఇవ్వడం యూఏఈ 2022 నవంబరు నుంచి ఆపేసింది. రెండో పేజీలో తండ్రి పేరు ఉందన్న ధైర్యంతో టికెట్ కొనొద్దు. పాస్‌పోర్టు రీ-ఇష్యూకు పెట్టి ఇంటిపేరు పూర్తిగా చేర్పించుకోండి. 36 పేజీలకు 1,500 రూపాయలు, తత్కాల్ అయితే ఇంకో 2,000. ముందుగా ఆధార్‌లో, పదో తరగతి మార్కుల జాబితాలో అదే స్పెల్లింగ్ ఉందో లేదో చూసుకోకపోతే ఇదే చిక్కు మళ్లీ వస్తుంది.

షెంగెన్ వీసా రాలేదు, బ్యాంకులో డబ్బు ఉన్నా

షెంగెన్ అంటే ఫ్రాన్స్, ఇటలీ లాంటి యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసా. డబ్బు ఉందా అన్నదొక్కటే కాదు, అది ఎట్లా వచ్చిందో కూడా చూస్తారు. దరఖాస్తుకు వారం ముందు బంధువు వేసిన 5 లక్షలు స్టేట్‌మెంట్‌లో కొట్టొచ్చినట్టు కనబడతాయి. చీనీ తోటలో, వేరుశనగలో ఏడాదికి రెండు మూడుసార్లే డబ్బు చూసే రైతుకు నెలనెలా జీతం లాగా జమలు ఉండవు. అది తప్పేం కాదు, కానీ ఎందుకట్లా ఉందో కాగితంతో చెప్పాలి: 1బి, అడంగల్ లాంటి భూమి రికార్డులు, మార్కెట్ యార్డు పట్టీలు, వ్యవసాయ ఆదాయం చూపిన ఐటీ రిటర్ను. తెలుగు కాగితాలన్నిటికీ ఇంగ్లీషు అనువాదం జత చేయండి. ఆ పెద్ద జమ నిజంగా పొలం అమ్మిన డబ్బే అయితే రిజిస్ట్రేషన్ కాపీ పెట్టండి.

ఇంకో పొరపాటు దరఖాస్తు ఎవరికి పెట్టామన్నది. ఎక్కువ రోజులు ఉండే దేశానికే పెట్టాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. అపాయింట్‌మెంట్ ఫ్రాన్స్‌కు దొరికిందని ఇటలీలో వారం ఉండేలా ప్లాన్ వేస్తే కాగితాలు ఒకదానికొకటి పొసగవు. కనీసం 30,000 యూరోల కవరేజీతో ట్రావెల్ ఇన్సూరెన్స్ కావాలి. పెద్దలకు ఫీజు 90 యూరోలు, తిరస్కరించినా తిరిగి రాదు. తిరస్కరణ పత్రంలో టిక్ పెట్టిన కారణం చదివి, దాన్ని సరిచేశాకే మళ్లీ పెట్టండి.

అమెరికా ఇంటర్వ్యూలో 214(బి) అని కాగితం చేతికిచ్చారు

వీసా రాలేదని, మీరు తిరిగి వస్తారని అధికారికి నమ్మకం కలగలేదని అర్థం. కొడుకు దగ్గరికి పోతుంటే ఆ మాటే నేరుగా చెప్పండి. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో ఒకటి, నోటితో ఒకటి చెబితే ఎన్ని పత్రాలు పట్టుకెళ్లినా లాభం లేదు. ఫారం ఎవరు నింపినా సబ్మిట్ చేసేముందు ఒకసారి తెలుగులో చదివించుకోండి.

ఈ-వీసాకు ఎక్కువ డబ్బు కట్టేశాం

ఇంటర్నెట్‌లో వెతికితే పైన కనబడేవి చాలావరకు ప్రకటనలు, ప్రభుత్వ సైట్లు కావు. వియత్నాం సింగిల్ ఎంట్రీ ఈ-వీసా 25 డాలర్లే. మలేషియా, థాయ్‌లాండ్ డిజిటల్ అరైవల్ కార్డులకు పైసా అక్కర్లేదు, ప్రయాణానికి మూడు రోజుల ముందు నుంచి మీరే నింపుకోవచ్చు. సైటు చిరునామా చివర ఆ దేశ ప్రభుత్వ డొమైన్ (gov.vn, go.th లాంటివి) లేకపోతే కార్డు నెంబరు కొట్టొద్దు. మోసపోయామని తెలిసిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు చెప్పండి. ఆలస్యమయ్యేకొద్దీ డబ్బు ఇంకో ఖాతాకు వెళ్లిపోతుంది.