చిక్‌పేట సండే బజార్‌లో పాత వాచీ, పాత ఇత్తడి కొనేముందు

బెంగళూరు సండే బజార్‌కు బోర్డు ఉండదు. ఆదివారం తెల్లారుతుండగానే చిక్‌పేట, బీవీకే అయ్యంగార్ రోడ్డు, ఎస్‌జేపీ రోడ్డు వైపు నేలమీద పట్టాలు పరుస్తారు. మంచి సరుకును పొద్దెక్కేలోపే పాతసామాను వ్యాపారులు ఏరుకుపోతారు. ఆలస్యమైతే మిగిలేవి చార్జర్లూ, జత లేని చెప్పులే. రాత్రి బస్సెక్కి తెల్లారి మెజెస్టిక్ బస్టాండులో దిగేవాళ్లకు ఇది కలిసొస్తుంది. ఆదివారం మెట్రో ఆలస్యంగా మొదలవుతుంది కాబట్టి ఆటో పట్టండి. బ్యాగు రైల్వే క్లోక్‌రూమ్‌లో పెట్టాలంటే దానికి తాళం ఉండాలి.

జేబులో అయస్కాంతం ముక్క, టార్చి, పది రెట్లు చూపే భూతద్దం, 10, 50, 100 నోట్లు ఉంచుకోండి. 500 నోటు కనబడిందంటే ఇక బేరం సాగదు.

ఈ ఊళ్లో వెతకాల్సింది హెచ్‌ఎంటీ వాచీ. 1961లో జపాన్ వాచీల కంపెనీ సిటిజన్ సాయంతో ఫ్యాక్టరీ పెట్టింది ఇక్కడే. జనతా, పైలట్ మోడళ్లు రెండూ కీ ఇచ్చే వాచీలు. ముందు డయల్ చూడండి. నారింజ, గులాబీ రంగుల్లో తళతళలాడుతుంటే పాత డయల్ మీద కొత్త రంగు వేశారని అనుమానించాలి. కంపెనీ అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి, తిరిగి అచ్చేసినవి సిరా పాకినట్టుంటాయి. తర్వాత కీ తిప్పండి. ఎంత తిప్పినా వేలికి బిగువు తగలకపోతే స్ప్రింగు తెగినట్టే. అమ్మేవాళ్లు వాచీని ఓసారి ఊపి చేతికిస్తారు, ఆ ఊపుకు కాసేపు నడుస్తుంది. అందుకే బోర్లా, వెల్లకిలా, నిలువుగా ఒక్కో నిమిషం ఉంచండి. ఏదో ఒక వైపే ఆగితే నూనె ఎండిందో, లోపల అటూఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం ఇరుసు అరిగిందో. వెనక మూత తీయమనండి. లోపల తుప్పుంటే వదిలేయండి, బాగుచేయించే ఖర్చు వాచీ ధరను మించుతుంది.

ఇత్తడికి అయస్కాంతం అంటుకుంటే లోపల ఇనుమే. అంటుకోకపోయినా నమ్మేయకండి, అల్యూమినియానికీ అంటుకోదు. అడుగున గీరితే తెల్లగా కనబడిందంటే పైన ఉన్నది పూతే. కంచుకు మోతే గుర్తు: గిన్నెను మూడు వేళ్ల కొసల మీద నిలిపి గోటితో కొడితే ఖంగున మోగి సాగాలి. టప్‌మని ఆగిపోతే ఎక్కడో పగులుంది. లోపల టార్చి వేసి అడుగున చిల్లులు చూడండి. బూడిదరంగు అతుకుంటే అందులో సీసం ఉండొచ్చు, అది పూలు పెట్టుకోవడానికే. ఇత్తడి గిన్నెలో చారు కాచాలంటే మాత్రం లోపల కళాయి (తగరం పూత) పోయించాల్సిందే.

తుక్కు ఇత్తడి కిలో ధర ముందే కనుక్కుంటే బేరం ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. తెలుగులో అడిగినా చాలామందికి అర్థమవుతుంది, కన్నడంలో ‘అణ్ణా, కమ్మి మాడి’ (అన్నా, తగ్గించండి) అంటే ఇంకాస్త దిగుతారు.

ఫోన్ల జోలికి పోకపోవడమే మేలు, దొంగసొత్తు కావచ్చు. మనసాగకపోతే స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కి 15 అంకెల ఐఎంఈఐ (ఫోన్ గుర్తింపు నంబరు) చూసి, కేవైఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి, ఖాళీ వదిలి, ఆ నంబరుతో 14422కు మెసేజ్ పంపండి. బ్లాక్ అయిందని జవాబొస్తే అక్కడే పెట్టేయండి.

‘వందేళ్ల నాటి విగ్రహం సార్’ అంటే మురిసిపోకండి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళావస్తువును, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతిని సొంతంగా దేశం దాటించకూడదు. అమెరికాలో ఉన్న కూతురికి పంపుదామనుకుంటే, ఆ మాట అబద్ధమవ్వాలని కోరుకోవాలి.