ఇంట్లో బీపీ సరిగ్గా చూసుకోవాలంటే

మెషిన్ ఎంత మంచిదైనా చెయ్యి ఒళ్లో పెట్టుకుని చూస్తే అంకె తప్పే వస్తుంది. కఫ్ (జబ్బకు చుట్టే గాలి పట్టీ) గుండె కన్నా 10 సెంటీమీటర్లు కిందికి ఉంటే బీపీ 7, 8 పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది. అంటే పై అంకె 132 ఉన్నవాళ్లకు 140 కనిపిస్తుంది. అది చూసి మాత్ర డోసు పెంచితే, కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ముఖ్యంగా ముసలివాళ్లకే. అందుకే టేబుల్ దగ్గర కూర్చుని, చేతి కింద దిండు పెట్టి, కఫ్ రొమ్ము ఎముక మధ్యభాగానికి సమానంగా వచ్చేలా చూడండి. చేతిని మీరు ఎత్తి పట్టుకోకూడదు, కండ బిగిస్తే అంకె పెరుగుతుంది. దిండు మీద వదిలేయాలి.

తర్వాత కఫ్ సైజు. దర్జీ టేపుతో భుజానికీ మోచేతికీ నడుమ జబ్బ చుట్టుకొలత తీయండి. మెషిన్‌తో వచ్చే మామూలు కఫ్ ఎక్కువగా 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికి సరిపోతుంది. ఆ కొలత కఫ్ మీదే అచ్చువేసి ఉంటుంది. లావు చేతికి చిన్న కఫ్ కడితే లేని బీపీ ఉన్నట్టు చూపిస్తుంది. పెద్ద కఫ్ విడిగా దొరుకుతుంది, కొనుక్కోండి.

కఫ్ ఒంటి మీదే కట్టాలి. చొక్కా చెయ్యి పైకి మడిస్తే అదే జబ్బను బిగిస్తుంది, కాబట్టి ఆ చెయ్యి చొక్కాలోంచి బయటికి తీసేయండి. కఫ్ కింది అంచు మోచేతి మడతకు రెండు వేళ్లు పైన, ట్యూబు చేతి లోపలివైపు ఉండాలి. కఫ్ కింద రెండు వేళ్లు దూరేంత బిగువు చాలు.

చూసుకోవడానికి అరగంట ముందు నుంచి కాఫీ, టీ, సిగరెట్, వాకింగ్ వద్దు. మూత్రానికి వెళ్లొచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా 5 నిమిషాలు ఊరికే కూర్చోండి. మంచం మీద కాళ్లు వేలాడేసినా, కాలు మీద కాలు వేసినా లెక్క మారుతుంది. కఫ్ బిగుస్తున్నప్పుడు "ఎంతొచ్చింది?" అని పక్కవాళ్లు అడిగినా జవాబు చెప్పకండి. మాట్లాడితే బీపీ పెరుగుతుంది.

మొదటిసారి రెండు చేతులకూ చూడండి. 10 పాయింట్లకు మించి తేడా పదేపదే వస్తుంటే డాక్టరుకు చెప్పి, ఇకపై ఎక్కువ వచ్చిన చేతికే చూడండి. డయాలసిస్ ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి కఫ్ కట్టొద్దు.

డాక్టరు దగ్గరికి వెళ్లేముందు వారం రోజులు ఇలా చేయండి: పొద్దున మాత్రకూ టిఫినుకూ ముందు రెండుసార్లు, రాత్రి పడుకునే ముందు రెండుసార్లు, మధ్యలో ఒక నిమిషం ఆగి చూడాలి. నచ్చని అంకెనూ రాయాలి. మొదటి రోజువి తీసేసి మిగతా 24 రీడింగుల సగటు కట్టండి. ఇంట్లో సగటు 135/85 గానీ అంతకు మించి గానీ ఉంటే అది ఎక్కువే. రెండు రీడింగుల మధ్య 5, 6 పాయింట్ల తేడా మామూలే, తగ్గేదాకా మళ్లీ మళ్లీ చూడకండి. మెషిన్ తెర మీద గుండె లయ తప్పిన గుర్తు తరచూ వస్తుంటే ఈసీజీ తీయించాలి, లయ తప్పినప్పుడు మెషిన్ లెక్కా తప్పొచ్చు.

 180/120 దాటి, ఛాతీనొప్పి, ఆయాసం, మాట తడబడటం, చెయ్యో కాలో పట్టు తప్పడం ఉంటే ఆగకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఇవేవీ లేకపోతే 5 నిమిషాలు ఆగి మళ్లీ చూడండి, అంతే ఉంటే అదే రోజు డాక్టరుతో మాట్లాడండి. సొంతంగా అదనపు మాత్ర మాత్రం వేసుకోవద్దు: బీపీ ఒక్కసారిగా పడిపోతే మెదడుకు రక్తం చాలదు.