కాలేజీలో బైబిలు స్టడీ గుంపు: నడపడం ఎలా

ముందు బస్సు టైము చూసుకోండి, ఆ తర్వాతే వాక్యభాగం. కాకుటూరు విక్రమ సింహపురి యూనివర్సిటీకి నెల్లూరు నుంచి వచ్చేవాళ్లయినా, ఒంగోలు కాలేజీలకు చీమకుర్తి, టంగుటూరు నుంచి వచ్చేవాళ్లయినా క్లాసు వదలగానే బస్సెక్కాలి. హాస్టల్ వాళ్లకు గేటు వేసే టైము ఉంటుంది. అందరికీ కుదిరేది ఎక్కువగా మధ్యాహ్నం భోజనాల వేళే. 40 నిమిషాలు దొరికితే చాలు: ఒక పాటకు 5, వాక్యానికి 25, ప్రార్థనకు 10. ఆదివారం మాత్రం పెట్టొద్దు. ఆ రోజు ఎవరి సంఘానికి వాళ్లు వెళ్లాలి.

గది కావాలంటే ప్రిన్సిపాల్‌కో వార్డెన్‌కో రాసి అడగండి. ఇవ్వకపోతే దగ్గర్లోని చర్చి హాలు చూసుకోండి. గుంపులో 6 నుంచి 8 మంది ఉండాలి. 10 దాటితే రెండుగా విడగొట్టండి, లేకపోతే నలుగురే మాట్లాడతారు, మిగతావాళ్లు వింటూ కూర్చుంటారు.

చాలా గుంపులు ప్రసంగం వల్లే చల్లబడతాయి. వారం వారం ఒక పాస్టరుగారిని పిలిస్తే పిల్లలు తమంతట తాము బైబిలు తెరవడం నేర్చుకోరు. మార్కు సువార్త తీసుకోండి, 16 అధ్యాయాలే. వారానికి 12, 15 వచనాలు చాలు. ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్లకు మన బైబిల్లోని గ్రాంథిక తెలుగు నోరు తిరగదు. అందరి ముందు చదవమంటే సిగ్గుపడి మళ్లీ రారు. భాగాన్ని రెండు భాషల్లో జిరాక్స్ తీసి ఇవ్వండి, చదవడానికి ఇష్టమైనవాళ్లే ముందుకు రానివ్వండి.

నడిపేవాళ్లు 6 ప్రశ్నలు రాసుకుని రావాలి. మార్కు 2:1-12 ఉందనుకోండి, పక్షవాతం వచ్చినవాణ్ణి మంచం మీద యేసు దగ్గరికి మోసుకొచ్చిన భాగం. మొదట కంటికి కనబడేవి: మంచం ఎందరు మోశారు? లోపలికి ఎందుకు పోలేకపోయారు? తర్వాత అర్థం: ఐదో వచనంలో యేసు చూసింది ఎవరి విశ్వాసం? నడవమనకుండా ముందు పాపక్షమాపణ ఎందుకు? చివరికి మన సంగతి: ఈ వారం మనం మోయాల్సిన స్నేహితుడు ఎవరు? వాడికి అడ్డుగా ఉన్నదేమిటి? ప్రశ్న వేశాక 20 సెకన్లు ఆగండి. జవాబు మీరే చెప్పేస్తే ఇక ఎవరూ ఆలోచించరు.

బాప్తిస్మం మీద వాదన లేచిందంటే ఆ పూట అక్కడితో సరి. 1878 జూలై 3న ఒంగోలు పక్కన వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందిన నేల ఇది. ముంచడమా చిలకరించడమా అన్నది చాలామందికి ఇంటి మాట. బాప్టిస్టులు, లూథరన్లు, పెంతెకొస్తువాళ్లు, ఆర్.సి.ఎం. (రోమన్ కేథలిక్) వాళ్లు ఒకే చాప మీద కూర్చున్నప్పుడు ఆ ప్రశ్నను ఎవరి కాపరి దగ్గరికి వాళ్లు తీసుకెళ్లాలి.

వేరే మతం స్నేహితులు తమంతట తాము వస్తే ఆదరించండి. కానుకలు, ఫీజు సాయం, ఉద్యోగం ఆశ చూపి ఎవర్నీ పిలవొద్దు. అది వాళ్లకూ అన్యాయం, సువార్తకూ అన్యాయం.

ప్రార్థన మనవి గదిలోనే ఉండాలి, వాట్సాప్ గ్రూపులోకి పోకూడదు. అయితే ఎవరైనా చచ్చిపోవాలనుందని చెబితే అది దాచే రహస్యం కాదు. ఒంటరిగా వదలకుండా పక్కనే ఉండి, వార్డెన్‌కు చెప్పి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయించండి. ప్రార్థించండి, డాక్టరు దగ్గరికీ తీసుకెళ్లండి.

మిడ్ పరీక్షల వారంలో కూడిక మానేయొద్దు, 15 నిమిషాల ప్రార్థనకు కుదించండి. రెండు వారాలు వరసగా ఆగితే మళ్లీ కూడగట్టడం కష్టం. ఫైనలియర్ వాళ్లు జనవరికల్లా ప్రశ్నలు రాసే పని జూనియర్లకు అప్పగించి, మార్చి దాకా వెనక కూర్చుని చూడాలి.